రెండు వందల ఎనభై ఏడో కాగితం

పది దాటి రెండు నిమిషాలైంది, పదకొండుకి వాళ్ళొస్తారు, ఈలోగా ఈ కాగితం రాసిన మహానుభావుడెవడో తేలితే బాగుణ్ణు, ఎవడో ఎవత్తో, అనుకుంటూ జ్యోతిర్మయి కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఎత్తు స్టూలు మీద కూచుని ఆ నాలుగు ముక్కలూ మళ్ళీ చదివింది. వాళ్ళంటే నాక్ వాళ్ళు, కాలేజీల నాణ్యత కొలిచి గ్రేడు వేసి పోయే పెద్దమనుషులు ముగ్గురు. పొద్దున్నే బీచ్ రోడ్డు హోటల్ నుంచి కారులో వచ్చి దిగారు, మెళ్ళో దండలు పడ్డాయి, ఎన్‌సీసీ పిల్లలు సెల్యూట్ కొట్టారు, ఇప్పుడు ప్రిన్సిపాల్ గురునాథరావు గారి గదిలో ఏసీ కింద జీడిపప్పు నములుతూ కాలేజీ ఎంత గొప్పదో తెర మీద బొమ్మలు చూస్తున్నారు. అందులో ఒకాయన కెమిస్ట్రీ ప్రొఫెసరట, బళ్ళారి వైపు మనిషట, తెలుగు చదవడం కూడా వచ్చట. ఆ 'వచ్చట' దగ్గరే జ్యోతిర్మయికి చిక్కొచ్చిపడింది, ఎందుకంటే ఎదురుగా బల్ల మీదున్న లావుపాటి ఫైలు నిండా తెలుగే. విద్యార్థుల అభిప్రాయ పత్రాలు, నాలుగు వందల పన్నెండు, ప్రతి కట్ట మీదా 'పరిశీలించాను' అని సంతకం తనదే, కాలేజీలో నాణ్యత సంగతులు చూసే కమిటీకి తనే బాధ్యురాలు కాబట్టి. ఇక పేజీ నెంబర్లు వెయ్యడం ఒక్కటే మిగిలింది కదా అని పొద్దున్న పెన్ను పట్టుకుని కూచుంటే, రెండు వందల ఎనభై ఏడు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

టిక్కులన్నీ సలక్షణంగానే ఉన్నాయి. బోధన చాలా బాగుంది, ల్యాబ్ చాలా బాగుంది, తాగునీరు బాగుంది. పేరు రాయనక్కర్లేదు గనక పేరు లేదు. అడుగున 'ఇతర సూచనలు' అని ఒక గడి ఉంటుంది, దాంట్లో ఎవరూ ఏమీ రాయరు, మరీ బుద్ధిమంతులైతే 'నిల్' అని రాస్తారు. ఈ మనిషి మాత్రం పెన్సిల్‌తో, కాగితం అవతలికి అచ్చు పడేలా వత్తి, గడి దాటి కిందికి దిగిపోయేలా రాసింది. "లేత గులాబీ రంగు నిలబడగానే ఆపెయ్యాలంటారు. గోడ మీద ఫోటోలో ముదురు గులాబీ ఉంది. ఏది కరెక్టు? అసలు ఆ రంగు ఎందుకొస్తుందో ఇన్నాళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. తెలుసుకోవాలని ఉంది."

తెలుసుకోవాలని ఉంది, అంతే, కింద నమస్కారం కూడా లేదు. తిట్టి ఉంటే సులువుగా ఉండేది, తిట్లకి సర్దిచెప్పుకోవడం ఈ కాలేజీలో అందరికీ అలవాటే, బాత్రూముల గురించి రాశారా, నీళ్ళు రావట్లేదన్నారా, అదొక లెక్క. ఇదేమిటి, అభిప్రాయం అడిగితే ప్రశ్న వేశారు. పైగా సరైన ప్రశ్న. పదిహేడేళ్ళ సర్వీసులో తను చెప్పిన క్లాసులో లేచి ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడిగారా అని వెతుక్కుంటే, మేడమ్ ఇది ఇంపార్టెంటా, ఇది పరీక్షలో వస్తాదా, అవే వినిపించాయి తప్ప వేరే గొంతు ఏదీ గుర్తుకి రాలేదు. తలెత్తి గోడకేసి చూసింది. ఆరడుగుల ఫ్లెక్సీ, 'మా ప్రయోగశాల: ఉత్తమ పద్ధతులు', దాని మీద ఆఖరు సంవత్సరం పిల్లలు రాణీ తారిఖూ తెల్లకోట్లు వేసుకుని బ్యూరెట్ పట్టుకుని నవ్వుతున్నారు, కింద కుప్పెలో మందార పువ్వు నలిపి పోసినట్టు ముదురు గులాబీ.

ఆ ముదురు తన పుణ్యమే. సన్నటి గాజు గొట్టం బ్యూరెట్, అందులోంచి చాకలిసోడా నీళ్ళలాంటి క్షారాన్ని కింద కుప్పెలో ఉన్న యాసిడ్‌లోకి చుక్కచుక్కగా వదలాలి, కుప్పె కదుపుతూ ఉండాలి, యాసిడ్ కాస్తా ఖర్చైపోయిన ఆ క్షణంలో ఉందా లేదా అన్నంత లేత గులాబీ నిలబడుతుంది, అక్కడ ఆపి ఎంత పట్టిందో చదువుకోవాలి, రంగు ముదిరిందంటే చెయ్యి దాటిపోయిందన్నమాట, ఆ కొలత చెత్తబుట్టలోకే. ఇంటర్ పిల్లలకి కూడా తెలియాల్సిన ముక్క. కానీ ఫోటో తీసిన రోజున ఇంగ్లీషు మాస్టారు ఫోను అటూ ఇటూ తిప్పి, రంగు కనపడ్డం లేదు మేడమ్, మంచినీళ్ళలా ఉంది అంటే, సరే కాంతమ్మా ఇంకొంచెం వెయ్యి, ఇంకా, ఇంకా వెయ్యి, అని అటెండరుకి చెప్పింది సాక్షాత్తూ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ జ్యోతిర్మయి. ఫోటో భలే వచ్చిందన్నారు అందరూ. తప్పు చేసిన కొలతని ఆరడుగుల ఫ్లెక్సీ చేసి గోడకి తగిలించి, దాన్ని చూడ్డానికి బళ్ళారి నుంచి ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ని పిలిపించుకున్న కాలేజీ ఇంకోటి ఉంటుందా అని తలుచుకుంటే, భయం మాట దేవుడెరుగు, నవ్వొచ్చింది.

ఈ కట్టలు తయారైన వారం కూడా అలాంటిదే. ఐదేళ్ళ అభిప్రాయాలు కావాలన్నారు నాక్ వాళ్ళు, నాలుగేళ్ళవి ఎవరూ తీసుకోనే లేదు. ఈ ఏడాది ఆఖరు సంవత్సరం పిల్లలు అరవైమంది నింపిన కాగితాలు మాత్రం అసలువి, అవీ కళ్ళు మూసుకుని టిక్కులు కొట్టినవే. మిగతా మూడొందల యాభై రెండూ స్టాఫ్ రూములో తలుపు గడియ పెట్టుకుని నింపారు, తనూ, ఇద్దరు గెస్ట్ లెక్చరర్లూ, పదో తరగతి చదువుకుంది కదా టిక్కులకేం అని కూచోబెట్టిన ల్యాబ్ అటెండరు కాంతమ్మా. నాలుగు రంగుల పెన్నులు, రెండు పెన్సిళ్ళు, ఒకరు కుడిచేత్తో ఒకరు ఎడమచేత్తో. గురునాథరావు గారు మధ్యలో తల లోపలికి పెట్టి, అన్నీ చాలా బాగుందని పెట్టీకండి, అనుమానం వస్తాది, పదికొకటి ఉత్త బాగుంది పెట్టండి, అని సలహా చెప్పి వెళ్ళారు. చెడ్డమనిషేం కాదాయన, ఈసారి 'ఏ' గ్రేడు రాకపోతే పిల్లలు చేరరని, చేరకపోతే రెండు గ్రూపులు ఎత్తేస్తారని ఆయన బెంగ ఆయనది. ఎత్తేసే రెంటిలో కెమిస్ట్రీ ఒకటి. ఇది చదివి ఆ ప్రొఫెసరు గోడకేసి చూశాడంటే మిగతా కాగితాలన్నీ తవ్వుతాడు, ఫైలు దొంగదని తేలితే గ్రేడు పోతుంది, గ్రేడుతో గ్రూపు పోతుంది, సంతకం పెట్టిన మనిషి పరువూ పోతుంది, కాబట్టి చెయ్యాల్సిన పని ఒకటే, ఈ కాగితం లాగేసి సొరుగులో ఉన్న ఖాళీ కాగితం మీద పది టిక్కులు కొట్టి రెండొందల ఎనభై ఏడని నెంబరేసి దూర్చెయ్యడం. రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలు పట్టని పని చెయ్యకుండా ఇరవై నిమిషాలుగా ఎందుకు కూచుందో తనకే తెలియలేదు.

రాణి అయ్యుంటుందా. జాలరిపేట పిల్ల, వాళ్ళమ్మ గంప దించి కూచుంటే పక్కన నిలబడి బేరాలాడిన పిల్ల, ఓసారి తను చేపలకని వెళితే, ఆగండి మేడమ్, పైన తళతళ సూసి తీసుకోకండి అని చేప మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించింది, ఎర్రగా ఉంటేనే తాజాది, గోధుమరంగు తిరిగితే ఐసులో పడుకున్నదని అర్థం. మొప్ప ఎత్తి చూసే పిల్ల రంగు ఎందుకని అడగదా. కానీ అదే రాణి ల్యాబ్‌లోకొచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడిపోతుంది, ఒక్క సందేహం ఉండదు, తెల్లకోటుతో పాటు నోటికి తాళం కూడా వేసుకుంటుంది కాబోలు. మరి తారిఖా. పాతూరులో వాళ్ళ నాన్న కరీం బాషా గడియారాల కొట్టు, చిన్నప్పట్నించీ బుల్లి బుల్లి పళ్ళచక్రాలు విప్పి బిగించిన చేతులు, బ్యూరెట్ వాడు పట్టుకున్నట్టు ఇంకెవరూ పట్టుకోరు, అడిగితే వాడే అడగాలి. ఉత్సాహంగా దిగి అలమరలోంచి రికార్డు పుస్తకాలు తీసింది, తారిఖ్‌ది, రాణిది, ఇంకో పది, కాగితం పక్కన పెట్టుకుని దస్తూరీ పోల్చడం మొదలెట్టింది, సీఐడీ ఇన్‌స్పెక్టరు తన ముందు ఏం సరిపోతాడు. పోల్చి ఏం లాభం. అన్నీ ఒకే పుస్తకంలోంచి దించినవి, ఒకే ఎడమ మార్జిన్, ఒకే చోట గీత, ఆఖరికి రీడింగు కూడా ఒకటే, తొమ్మిది పాయింట్ ఎనిమిది, తొమ్మిది పాయింట్ ఎనిమిది, తొమ్మిది పాయింట్ ఎనిమిది.

ఆ తొమ్మిది పాయింట్ ఎనిమిది ఎక్కణ్ణించొచ్చింది. ప్రాక్టికల్స్ నాడు పిల్లలు కాంతమ్మ చుట్టూ చేరతారు, కాంతమ్మా ఏటి రాయాలి, అంటే ఆవిడ బ్యూరెట్లు కడుగుతూ తలెత్తకుండానే తొమ్మిది పాయింట్ ఎనిమిది అంటుంది, అంతే, బ్యాచి బ్యాచంతా గట్టెక్కేస్తుంది. ఇది తప్పని ఎవరూ అనుకోరు, బయటినుంచొచ్చిన ఎగ్జామినర్ కూడా ముందు కాంతమ్మనే అడిగి తరవాత మార్కులు వేస్తాడు. తను చదువుకున్న కాలేజీలోనూ అంతే, అక్కడ అటెండరు పేరు వేరు, అంకె వేరు. మొదటిరోజు తనకి పది పాయింట్ మూడొస్తే పక్కమ్మాయి రబ్బరిచ్చింది. చెరిపేసింది. చెరిపేసి అందరిదే రాసింది, మార్కులొచ్చాయి, పది పాయింట్ మూడు ఎందుకొచ్చిందో ఆరోజు తెలుసుకోవాలనిపించిందా అంటే, అనిపించింది, బాగా అనిపించింది, ఇంటికెళ్ళేదాకా బస్సులో అదే ఆలోచించింది, ఆ తరవాత మరి ఎప్పుడు మానేసింది. ఎందుకు అన్న మాట తన నోటి వెంట ఆఖరుసారి ఎప్పుడొచ్చింది. గుర్తు లేకపోవడం చూస్తే తనకే విడ్డూరంగా ఉంది.

చిన్నప్పుడు ఆ మాటతో నాన్నని చంపుకుతినేది. నాన్న ఎల్లారావు ఉక్కు ఫ్యాక్టరీలో పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేసేవాడు, తన ఎనిమిదో ఏటో తొమ్మిదో ఏటో ఓసారి కుటుంబాలవాళ్ళని లోపలికి రానిచ్చినప్పుడు చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళాడు. నిగనిగలాడే ఊచ ఒకటి, రెండు కొసలూ మిషను పళ్ళ మధ్య బిగించారు, లాగడం మొదలెట్టింది మిషను, ఊచ నడుం సన్నబడింది, ఇంకా సన్నబడింది, తను ఊపిరి బిగబట్టింది, తుపాకీ పేలినట్టు చప్పుడు, రెండు ముక్కలు. ఏడుపొచ్చేసింది. మంచిదాన్ని ఎందుకు ఇరగ్గొట్టేరు నాన్నా అని అడిగితే, మంచిదో కాదో ఇరిగినాకే గదే తెలిసేది, పైకి నున్నగుంది గదాని సంతకం పెట్టీమంటే ఎలగ, రేప్పొద్దున దాని మీద వంతెన నిలబడద్దేటి, అన్నాడు నాన్న. విరిగిన ముక్క ఇంటికి తెచ్చుకుని చాన్నాళ్ళు పలకతో పాటు బళ్ళోకి మోసింది. విరిగిన చోట బూడిదరంగు గరుకు, వేలితో తడిమితే గుచ్చుకునేది. ఆ మనిషి కూతురు నాలుగొందల పన్నెండు నున్నటి కాగితాల మీద సంతకం పెట్టింది. నాన్న ఉండి ఉంటే ఏమీ అనేవాడు కాదు, అదే ఇంకా కష్టం.

ఫోను మోగింది. గురునాథరావు గారు, గొంతు తగ్గించి.

"లైబ్రరీలోకి వెళ్తన్నారమ్మా, ఆ తరవాత మీదే. ఫైలు రెడీయేనా?"

"రెడీయే సార్."

"ఒక్క తేడా కాగితం ఉండకూడదు. మరోసారి చూసీండి."

"అదే చూస్తున్నాను సార్," అంది, అబద్ధం కాదు కదా అనుకుంది, ఫోను పెట్టేసి సొరుగు లాగింది. ఖాళీ కాగితం తెల్లగా, మడత లేకుండా, నింపుకో అన్నట్టు పడుంది. తీసి బల్ల మీద పెట్టుకుంది. పెన్సిల్ కావాలి, అది పెన్సిల్‌తో రాసింది కాబట్టి ఇదీ పెన్సిల్‌తోనే ఉండాలి, దొంగపనిలో కూడా ఎంత పద్ధతి, పెన్సిల్ కోసం తలెత్తితే అవతల బల్ల దగ్గర కాంతం కనిపించింది. పొద్దుట్నించీ అక్కడే ఉంది మనిషి, కిటికీ గట్టు మీద రోజూ పేరుకునే నల్లటి పొడి తుడిచింది, బ్యూరెట్లు నింపింది, కొత్తగా కలిపిన యాసిడ్ సీసాలకి చీటీలు అంటిస్తోంది, కిటికీలోంచి దూరంగా హార్బరు క్రేన్లు ఏదో కంటెయినరుని ఎత్తి గాల్లో నిలబెట్టాయి. కాంతం చీటీ మీద రాసి, పెన్సిల్ మళ్ళీ కొప్పులో గుచ్చుకుంది. సిరాతో రాస్తే యాసిడ్ చుక్క పడి చెరిగిపోతుందని ఇరవై రెండేళ్ళుగా ఆవిడ చీటీలన్నీ పెన్సిల్‌తోనే.

జ్యోతిర్మయి స్టూలు దిగింది. అలమర దగ్గరికి వెళ్ళింది. 'యాసిడ్. ముట్టుకోవద్దు.' 'ఇది కరెక్టుగా మూత పెట్టాలి.' 'పిల్లలు తియ్యరాదు.' అరలన్నీ, సీసాలన్నీ, కాగితం అవతలికి అచ్చు పడేలా వత్తి రాసిన అక్షరాలు. పదిహేడేళ్ళుగా రోజూ చూస్తున్న దస్తూరీ. ఇన్నాళ్ళలో అని రాసింది కానీ మూడేళ్ళలో అని రాయలేదు, ఆ ముక్క దగ్గరే ఆగి ఆలోచించాల్సింది, డిగ్రీ పిల్లలకి ఇన్నాళ్ళు ఎక్కడున్నాయి. సీఐడీ ఇన్‌స్పెక్టరు గారు గదిలో ఉన్న మనిషిని వదిలేసి ఊరంతా వెతికారు.

"కాంతమ్మా, ఈ కాగితం నువ్వు రాసిందేనా?"

కాంతం చేతిలో గుడ్డ ఆగింది. కాగితాన్ని దూరం నుంచే గుర్తుపట్టింది, దగ్గరికి రాలేదు.

"తీసీండి మేడమ్ గారూ. ఆవేళ టిక్కులు కొట్టి కొట్టి సెయ్యి లాగేసింది, కింద కాళీ కనబడితే ఏదో రాసీసేను. మళ్ళీ తీసేద్దామంటే కట్టలో ఎక్కడ కలిసిపోయిందో దొరకలేదు. పెద్దాయనకి సెప్పకండి."

"చెప్పను. నువ్వు నన్నే అడగొచ్చు కదా."

కాంతం గుడ్డ మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. "పిల్లలకి సెప్తారు గదా, అప్పుడిందామనుకున్నాను. మీరు సెప్పరు, ఆళ్ళు అడగరు. రీడింగైతే అందరూ నన్నే అడుగుతారు, నానెవర్ని అడగను?"

మెత్తగానే అంది, నిష్ఠూరంగా కూడా కాదు, వంటలో ఉప్పు తగ్గిందన్నట్టు. జ్యోతిర్మయికి సిగ్గేసింది, ఆ సిగ్గులోనే ఎక్కణ్ణించో చిన్నప్పటి ఉత్సాహం లాంటిది కూడా వచ్చింది. ఖాళీ కాగితాన్ని సొరుగులో పడేసి మూసేసింది. రెండు వందల ఎనభై ఏడుని ఫైలు మధ్యలోంచి తీసి అన్నిటికంటే పైన పెట్టింది. అడిగితే చెప్పేస్తాను, అసలువి అరవయ్యొకటి సార్, మిగతావి మేం రాసుకున్నవి అని, అడక్కపోతే కూడా చెప్పేస్తానేమో, గ్రూపు సంగతి అప్పుడు చూసుకుందాం. గడియారంలో పదకొండుకి పన్నెండు నిమిషాలుంది.

"రా, ఇలా కూచో."

"అమ్మో, పిల్లలు కూచునే దగ్గరా."

"అక్కడే. పొద్దున కలిపిన యాసిడ్ పది ఎంఎల్ కుప్పెలో వెయ్యి, రెండు చుక్కలు ఇండికేటరు. కుడిచేత్తో కుప్పె కదుపు, ఎడమచేత్తో పైది తిప్పు. నీకు నేను నేర్పాలా."

నిజంగానే నేర్పక్కర్లేదు, తెల్ల టైల్ కుప్పె కింద సర్దుకోవడం దగ్గర్నించి అన్నీ వచ్చు ఆవిడకి, చుక్క ఆపడం ఒక్కటే ఇన్నేళ్ళలో ఎవరూ చెయ్యనివ్వలేదు. చుక్క పడింది, గులాబీ మెరిసింది, కుప్పె కదపగానే మాయమైంది. చూశావా, పోయింది, ఎందుకు పోయిందో చెప్పనా, లోపల యాసిడ్ ఇంకా ఉంది, పై నుంచి పడ్డ చుక్కని అది తినేస్తోంది, ఇండికేటరుకి పని లేదు, ఊరికే చూస్తూ కూచుంది. మళ్ళీ చుక్క, మళ్ళీ మెరుపు, ఈసారి కాస్త ఆలస్యంగా పోయింది. యాసిడ్ తగ్గిపోతోంది కాంతమ్మా, ఆకలి తీరిపోతోంది దానికి, ఇక తినలేనని ఎప్పుడంటుందో ఆ చుక్క మిగిలిపోతుంది, ఆ మిగిలిన చుక్కని ఇండికేటరు పట్టుకుని మనకి రంగులో చూపిస్తుంది, అంటే ఆ గులాబీ ఒక కబురన్నమాట, లోపల అయిపోయింది, ఇంక ఆపు అని. చెప్తుంటే తన మాటలు తనకే కొత్తగా వినిపించాయి, పదిహేడేళ్ళలో ఒక్కసారైనా ఇలా చెప్పి ఉండకూడదా. కాంతం రెప్ప వెయ్యడం లేదు. "మరి ఫోటోలోది?" అంది కుప్పె మీంచి కళ్ళు తిప్పకుండా. "తప్పు. నేనే వేయించాను, ఫోనుకి కనపడాలని," అంది జ్యోతిర్మయి. "అలగా," అంది కాంతం, తనకి ముందే తెలుసన్నట్టు.

గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది. గురునాథరావు గారు ముందు, వెనక ముగ్గురు, వాళ్ళ వెనక తెల్లకోట్లలో పిల్లలు. పిల్లలుండాల్సిన బల్ల దగ్గర నీలం చీర అటెండరు కూచుని ఉండటం చూసి ప్రిన్సిపాల్ గారి మొహం పాలిపోయింది, ఏటిది అని పెదవులు కదిలాయి. లేవబోయిన కాంతం భుజం మీద జ్యోతిర్మయి చెయ్యి వేసి ఆపింది.

"ఒక్క నిమిషమండీ. దగ్గర పడింది, ఇప్పుడు వదిలేస్తే దాటిపోతుంది."

ముగ్గురిలో పొట్టిగా, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకున్నాయన, బళ్ళారి ప్రొఫెసరే అయ్యుండాలి, చెయ్యెత్తి తన వెనకవాళ్ళని నిలబెట్టేశాడు. ఆయన చూపు ఒకసారి గోడ మీది మందారం రంగు వైపు వెళ్ళింది, కిందికి దిగి కుప్పె దగ్గర ఆగింది, తరవాత మరి ఎటూ కదల్లేదు. రాణి మునివేళ్ళ మీద లేచి తొంగిచూస్తోంది. బ్యూరెట్ మొన దగ్గర చుక్క ఊరింది, బరువెక్కింది, పడింది. కాంతం మణికట్టు ఒక్కసారి తిప్పింది. ఉందా లేదా అన్నంత లేత గులాబీ, కదిపినా పోలేదు. తెల్ల టైల్ మీద నిలబడిపోయింది.

కాంతం వంగి, కన్ను బ్యూరెట్ గీతకి సమానంగా తెచ్చి చదివింది. మళ్ళీ చదివింది. కంగారుగా తలెత్తింది.

"తొమ్మిది పాయింట్ ఎనిమిది కాదు మేడమ్ గారూ. పది పాయింట్ ఒకటుంది."

వెనక పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వి ఊరుకున్నారు. గురునాథరావు గారు కళ్ళు మూసుకున్నారు. ప్రొఫెసరు పైన పెన్సిల్ రాతున్న ఫైలు పక్కన బల్లకి ఆనుకుని నిలబడి, ఏం చేస్తారా అన్నట్టు చూస్తున్నాడు. కాంతం కొప్పులోంచి పెన్సిల్ తీసింది, రికార్డులో ఖాళీ గడి మీద ఆనించి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఎంతని రాయమంటారు?"

"వచ్చిందే రాయి కాంతమ్మా," అంది జ్యోతిర్మయి, అందరికీ వినపడేలా.